సాకెట్టు ఒకటి, పోర్టు అయిదు: ఆరు నెట్‌వర్క్ స్విచ్ బోర్డుల డైరీ

జూలై 6

ఆమదాలవలసలోని పాత సామాన్ల దుకాణం నుంచి ఆరు బోర్డులు తెచ్చాను. ఒక్కొక్కటి నూట యాభై రూపాయలు. ఆరూ ఒకే రకం వైర్‌లెస్ రూటర్లలోంచి ఊడదీసినవి. రెండింటిలో రేడియో భాగం కాలిపోయింది, దానితో నాకు పని లేదు. మధ్యలో ఉన్న నల్లటి చిప్పు కోసమే తెచ్చాను. దుమ్ము తుడిచి భూతద్దం పెట్టి చూస్తే క్యూసీఏ8337 అన్న అక్షరాలు తేలాయి. ఏడు పోర్టుల గిగాబిట్ స్విచ్ అది, అంటే కంప్యూటర్ల మధ్య ప్యాకెట్లకు దారి చూపే చిప్పు. అయిదు పోర్టులు బయటి సాకెట్లకు వెళతాయి, మిగిలిన రెండూ ప్రాసెసర్ వైపు వెళ్లడానికి ఉన్నవి.

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసుకోవాలి. శ్రీకాకుళంలో మా వీధి చివర ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. ఉద్యోగ విరమణ తరువాత ఇంటి ముందు గదుల్లో పన్నెండు కంప్యూటర్లు పెట్టి పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. ఆయన ప్రశ్నపత్రాలు తయారు చేసుకునే కంప్యూటరు, ప్రింటరు పిల్లల వైపు కనబడకూడదు. ఇంటర్నెట్ మాత్రం అందరికీ రావాలి. పోయిన ఏడాది ఇలాంటి బోర్డే ఒకటి అమర్చి ఇచ్చాను. ఈ వేసవి చివర పిడుగుపాటుకు అది పోయింది. అదే రకం బోర్డు ఇంకొకటి నా దగ్గర ఉంది కానీ, ఏ సాకెట్టు చిప్పులో ఏ పోర్టుకు వెళుతుందో, ఏ విలువలు పెట్టానో ఎక్కడా రాసిపెట్టలేదు. అంతా మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నాను. నాలుగు రోజులు పాఠాలు ఆగిపోయాయి. మాస్టారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పర్వాలేదమ్మా, నెమ్మదిగా చూడు" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అందుకని ఈసారి ముందు కాగితం, తరువాతే బోర్డు. పెద్ద నోటుపుస్తకంలో ఒక పట్టిక గీశాను. నియమం ఒక్కటే: నేను స్వయంగా పరీక్షించి చూసినది నీలం సిరాతో రాస్తాను, ఊహించినది పెన్సిల్‌తో రాస్తాను. పక్కన ఎలా తెలిసిందో కూడా రాస్తాను. పట్టికలో తప్పు ఉంటే ఖాళీ కాగితం కంటే ఎక్కువ నష్టం. ఖాళీగా ఉంటే మనిషి వెతుకుతాడు. తప్పు రాసి ఉంటే నమ్ముతాడు.

జూలై 8

ఇవాళ పట్టిక పెన్సిల్‌తో నింపాను. నింపుతున్నప్పుడే అసలు చిక్కు ఎక్కడుందో స్పష్టమైంది. ఒకే రంధ్రానికి మూడు సంఖ్యలున్నాయి.

పెట్టె మీద అచ్చు వేసినది ఒకటి: ఇంటర్నెట్, 1, 2, 3, 4. చిప్పు లోపలి పోర్టు సంఖ్య రెండోది: 0 నుంచి 6 దాకా. తీగ మీది సంకేతాన్ని పట్టి అంకెలుగా మార్చే భాగాన్ని ఫై అంటారు, దాని చిరునామా మూడోది: 0 నుంచి 4 దాకా. ఈ చిప్పులో పోర్టు 0కు, పోర్టు 6కు ఫై లేదు. అవి ప్రాసెసర్ వైపువి. అందువల్ల పోర్టు 1కి ఫై 0, పోర్టు 2కు ఫై 1, అలా ఒకటి తక్కువగా నడుస్తుంది. లైనక్స్ కెర్నెల్‌తో (బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌తో) వచ్చే పత్రం కూడా ఈ చిప్పు గురించి చెబుతూ పోర్టు సంఖ్యకూ ఫై సంఖ్యకూ నేరుగా పొత్తు లేదు కనుక, ఏ పోర్టుకు ఏ ఫై అన్నది విడిగా రాసి తీరాలని హెచ్చరిస్తుంది.

పోయిన ఏడాది నా దగ్గర మిగిలినది ఒక్క వరుసే: "2 3 4 5 0టి". స్విచ్‌కాన్ఫిగ్ అనే పాత అమరిక పద్ధతిలో అలాగే రాసేవాళ్లం. పోర్టులు 2 నుంచి 5 ఒక గుంపు, పోర్టు 0 ట్యాగుతో (ఏ గుంపుదో చెప్పే గుర్తుతో) ప్రాసెసర్‌కు అని దాని అర్థం. కంప్యూటరుకు అది చాలు. పిడుగు పడిన మర్నాడు బల్ల ముందు కూర్చున్న మనిషికి మాత్రం 2 అంటే పెట్టె మీది 2వ సాకెట్టా, చిప్పు లోపలి 2వ పోర్టా అన్నది అందులో లేదు.

ఈసారి డీఎస్‌ఏ (డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ ఆర్కిటెక్చర్) అనే పద్ధతి వాడుతున్నాను. 2008లో 2.6.28 కెర్నెల్‌తో అది లైనక్స్‌లోకి వచ్చింది. ఈ చిప్పుకు డ్రైవరు 2016 డిసెంబరులో విడుదలైన 4.9 కెర్నెల్‌తో చేరింది. ఇందులో ప్రతి సాకెట్టూ విడి నెట్‌వర్క్ కార్డులా కనబడుతుంది, దానికి మనం పేరు పెట్టవచ్చు. స్విచ్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే ప్రతి ప్యాకెట్‌కూ చిప్పు రెండు బైట్ల గుర్తు తగిలిస్తుంది, అది ఏ పోర్టు నుంచి వచ్చిందో ఆ గుర్తు చెబుతుంది. పేర్లు పెట్టే ఫైలును డివైస్ ట్రీ అంటారు. అందులో పేరు తప్పు పెడితే యంత్రం ఏమీ అనదు. ఆ తప్పు పేరుతోనే చక్కగా నడుస్తుంది.

జూలై 9

మేనల్లుడు కాలేజీ నుంచి నేరుగా వచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం. వాడు ఒక్కో సాకెట్టులో కేబుల్ పెడతాడు, తీస్తాడు. నేను బోర్డుతో నేరుగా మాట్లాడే సీరియల్ తీగ దగ్గర కూర్చుని ఫై 0 నుంచి ఫై 4 వరకు స్థితి రిజిస్టర్ (చిప్పు లోపల విలువ దాచుకునే చిన్న గడి) చదువుతాను. రిజిస్టర్ 1లో 2వ బిట్ లింకు ఉందో లేదో చెబుతుంది.

"పెట్టానత్తా" అన్నాడు. సాకెట్టు పక్కన పచ్చలైటు వెలిగింది. నేను చదివితే లింకు లేదని వచ్చింది. మళ్లీ చదివితే ఉందని వచ్చింది. ఇంకో సాకెట్టులోనూ అదే తంతు. బోర్డు చెడిపోయిందేమో అనుకున్నాడు వాడు. కాదు, ఆ బిట్ స్వభావమే అది. మధ్యలో ఒక్కసారి లింకు తెగినా, మనం చదివేవరకు 'తెగింది' అన్న గుర్తును పట్టి ఉంచుతుంది. మొదటిసారి చదివితే గతం తెలుస్తుంది, రెండోసారి చదివితే ఇప్పటి సంగతి తెలుస్తుంది. "రెండుసార్లు చదివి రెండోదే రాయాలి" అని పట్టిక పైన ఎర్ర సిరాతో రాశాను.

అయిదు సాకెట్లూ అయ్యాయి. పెట్టె మీది 1కి ఫై 4 పలికింది. నేను పెన్సిల్‌తో ఫై 1 అని రాసుకున్నాను. 2కు ఫై 3, 3కు ఫై 2, 4కు ఫై 1, ఇంటర్నెట్ సాకెట్టుకు ఫై 0. వరుస తలకిందులుగా ఉంది. బోర్డు గీసినవారికి చిప్పు నుంచి సాకెట్లకు గీతలు ఒకదానినొకటి దాటకుండా వెళ్లాలి కదా, అందుకే అలా వేసి ఉంటారు. పెన్సిల్ గీతలు చెరిపి, పోర్టు సంఖ్యలు తప్ప మిగతావి నీలం సిరాతో రాశాను:

పెట్టె మీద ఇంటర్నెట్, పోర్టు 1, ఫై 0, పేరు వాన్
పెట్టె మీద 1, పోర్టు 5, ఫై 4, పేరు లాన్1
పెట్టె మీద 2, పోర్టు 4, ఫై 3, పేరు లాన్2
పెట్టె మీద 3, పోర్టు 3, ఫై 2, పేరు లాన్3
పెట్టె మీద 4, పోర్టు 2, ఫై 1, పేరు లాన్4

3వ సాకెట్టు చూడండి. పెట్టె మీదా 3, చిప్పులోనూ 3. పోయిన ఏడాది నేను ఆ ఒక్క సాకెట్టుతోనే పరీక్షించి, రెండు లెక్కలూ ఒకటేనని నమ్మి ఉంటాను.

పోర్టు సంఖ్యలు ఇంకా పెన్సిల్‌తోనే ఉన్నాయి. ఫై సంఖ్యకు ఒకటి కలిపి రాసినవే తప్ప, పోర్టును నేరుగా అడిగి రాసినవి కావు.

జూలై 12

రెండు రోజులు ఒక్క రిజిస్టర్ దగ్గరే గడిచాయి. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మళ్లీ ఎవరికైనా ఎదురవుతుంది.

ఒక్కో పోర్టు స్థితి చిప్పులో ఒక్కో 32 బిట్ల రిజిస్టర్‌లో ఉంటుంది. పోర్టు 0ది హెక్స్ (పదహారు అంకెల లెక్క) 7సి దగ్గర, పోర్టు 1ది హెక్స్ 80 దగ్గర, అలా నాలుగేసి చొప్పున పెరుగుతూ పోర్టు 6ది హెక్స్ 94 దగ్గర. చిప్పుతో మాట్లాడే ఎండీఐఓ తీగ మీద మాత్రం ఒక్కసారికి 16 బిట్లే వెళతాయి. చిరునామాకు అయిదు బిట్లు, రిజిస్టర్ సంఖ్యకు అయిదు బిట్లు, అంతే చోటు. అందుకని పెద్ద చిరునామాను ముక్కలు చేస్తారు. పై ముక్క పుట సంఖ్య, దాన్ని హెక్స్ 18 చిరునామాకు రాయాలి. తరువాత హెక్స్ 10 నుంచి 17 వరకు ఉన్న ఎనిమిది కిటికీల్లో సరైనది తెరిచి, పక్కపక్కనున్న రెండు రిజిస్టర్లు చదవాలి. మొదటిది కింది సగం, రెండోది పై సగం.

లెక్క వేస్తే హెక్స్ 7సి వచ్చేది హెక్స్ 11 కిటికీలో, చిట్టచివరి రెండు గళ్లు, 1ఇ, 1ఎఫ్. పోర్టు 1కి చెందిన హెక్స్ 80 వచ్చేది తరువాతి కిటికీ 12లో, మొదటి రెండు గళ్లు. నేను రాసిన చిన్న ప్రోగ్రాం కిటికీ మార్చకుండా గడి సంఖ్యకు రెండు కలుపుతూ పోయింది. 1ఎఫ్ తరువాత అయిదు బిట్లలో చోటు లేదు, మళ్లీ 0కు తిరిగింది. అంటే పోర్టు 1 స్థితి అనుకుంటూ 11వ కిటికీలో తలవాకిట ఉన్న వేరే రిజిస్టర్‌ను చదువుతున్నాను. అంకెలు వస్తూనే ఉన్నాయి, నమ్మదగినట్టే ఉన్నాయి. కేబుల్ తీసినా అంకె మారకపోవడంతో అనుమానం వచ్చింది.

ముందుగా చిప్పు తానెవరో చెప్పే రిజిస్టర్ 0 చదివి చూసుకుని ఉంటే ఈ రెండు రోజులు మిగిలేవి. అందులో 8 నుంచి 15 వరకు ఉన్న బిట్లలో హెక్స్ 13 ఉంటే క్యూసీఏ8337, హెక్స్ 12 ఉంటే దాని ముందుతరం ఏఆర్8327. కిటికీలు సరిచేశాక 13 వచ్చింది. ఆ పరీక్షను ఇప్పుడు పట్టిక మొదటి వరుసగా పెట్టాను. అది సరిగ్గా రాకపోతే కింద ఏ వరుసనూ నమ్మకూడదు.

తరువాత అంతా చకచకా సాగింది. స్థితి రిజిస్టర్‌లో చివరి రెండు బిట్లు వేగం చెబుతాయి: 0 అయితే 10 మెగాబిట్లు, 1 అయితే 100, 2 అయితే 1000. 8వ బిట్ లింకు. మేనల్లుడు కేబుల్ మారుస్తుంటే ఒక్కో పోర్టూ సరిగ్గా పలికింది. పోర్టు సంఖ్యలన్నీ సిరాలోకి మారాయి.

3వ సాకెట్టు దగ్గర మాత్రం వేగం 1 వచ్చింది. అక్కడ 100 మెగాబిట్లే అని రాయబోయి ఆగాను. కేబుల్ వాడు స్వయంగా కొట్టినది. కనెక్టరును దీపం కింద పెట్టి చూస్తే గోధుమరంగు తీగ చివరిదాకా రాలేదు, ఇత్తడి పళ్లకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. 100 మెగాబిట్లకు 1, 2, 3, 6 కాళ్లు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. నాలుగో జత తెగితే చిప్పు తగ్గి 100 దగ్గర కుదురుకుంటుంది. ఆ తప్పు కేబుల్‌ది, సాకెట్టుది కాదు. మంచి కేబుల్ ఒకటి విడిగా పెట్టి, దానికి ఎర్ర టేపు చుట్టాను. పరీక్షలన్నీ ఇకపై దానితోనే.

జూలై 15

పోర్టు 0, అంటే ప్రాసెసర్ వైపు పోర్టు. దీనికి సాకెట్టు లేదు, లైటు లేదు, కేబుల్ పెట్టి తీసి చూసే వీలు లేదు. అందుకే జనం దీన్ని తక్కువగా రాస్తారు, దెబ్బ కూడా ఎక్కువగా ఇక్కడే తగులుతుంది.

కొత్త కెర్నెల్ ఎక్కించాను. అన్ని పోర్టులూ పేర్లతో సహా కనబడ్డాయి. లింకులు లేచాయి. బోర్డు నుంచి ల్యాప్‌టాప్‌కు పలకరింపు (పింగ్) పంపితే నూటికి రెండో మూడో తిరిగి వచ్చాయి. పోర్టు 0 లెక్కలు చదివితే దెబ్బతిన్న ఫ్రేముల (తీగ మీద వెళ్లే ప్యాకెట్ల) సంఖ్య గంటకొట్టినట్టు పెరుగుతోంది.

ప్రాసెసర్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్నది ఆర్‌జీఎంఐఐ అనే తీగల దారి. 125 మెగాహెర్ట్జ్ గడియారం, నాలుగు డేటా తీగలు, గడియారం లేచినప్పుడు ఒకసారి పడినప్పుడు ఒకసారి డేటా వెళుతుంది. నాలుగు నానోసెకన్లకొక మార్పు. గడియారం అంచు సరిగ్గా డేటా మారే క్షణంలోనే పడితే చదివేవాడికి పాత విలువో కొత్త విలువో తెలియదు. అందుకని గడియారాన్ని రెండు నానోసెకన్ల దాకా వెనక్కి జరుపుతారు. ఆ ఆలస్యం బోర్డు మీద గీత పొడవు పెంచి అయినా తేవచ్చు, చిప్పు లోపల అయినా పెట్టవచ్చు. ఎవరు పెడుతున్నారో డివైస్ ట్రీలో చెప్పాలి. నేను ఉత్త ఆర్‌జీఎంఐఐ అని రాశాను. అంటే చిప్పు ఏ ఆలస్యమూ పెట్టనక్కరలేదు, బోర్డు గీతలే చూసుకుంటాయి అని అర్థం.

నిజం తెలిసేది ఎలా? బోర్డుతో వచ్చిన పాత సాఫ్ట్‌వేర్ చక్కగా నడిచేది కదా, దాన్నే అడిగాను. ఆరో బోర్డులో దాన్ని ఇంకా తుడవలేదు. దాన్ని లేపి, పోర్టు 0 రిజిస్టర్ హెక్స్ 04 చదివాను. 07600000 వచ్చింది. ఈ అంకెను కాగితం మీద విప్పాను. 7 అంటే 26, 25, 24 బిట్లు వెలిగి ఉన్నాయి. 26 ఆర్‌జీఎంఐఐ తెరిచి ఉందని, 25 పంపే వైపు ఆలస్యం ఉందని, 24 అందుకునే వైపు ఆలస్యం ఉందని. తరువాతి 6ను రెండేసి బిట్లుగా విడదీస్తే 01, 10. పంపే వైపు ఒక నానోసెకను, అందుకునే వైపు రెండు. ఆలస్యం రెండు వైపులా స్విచ్ చిప్పే పెడుతోంది. డివైస్ ట్రీలో రెండు ఆలస్యాలూ చిప్పువే అని చెప్పే 'ఐడీ' అన్న అక్షరాలు చేర్చాను.

పదివేల పలకరింపుల్లో ఒక్కటి కూడా పోలేదు. దెబ్బతిన్న ఫ్రేములు సున్నా. ఆ 07600000ను నీలం సిరాతో రాసి, కింద విప్పిన లెక్కంతా పెట్టాను. ఉత్త అంకె రాస్తే పదేళ్ల తరువాత చదివేవారికి అది మంత్రంలా ఉంటుంది. విప్పి రాస్తే వాళ్లు మార్చుకోగలుగుతారు.

జూలై 17

కాగితానికి మొదటి పరీక్ష. రెండో బోర్డు, కాగితం మేనల్లుడి చేతిలో పెట్టి నేను పక్క గదిలోకి వెళ్లాను. ప్రశ్నలు అడగకూడదు అన్నాను.

ముప్పావు గంట తరువాత చూస్తే ప్రింటరు కేబుల్ ఇంటర్నెట్ సాకెట్టు పక్కన ఉంది. "ఎడమ నుంచి రెండోది అని రాశావు కదత్తా" అన్నాడు. నిజమే, రాశాను. నేను పెట్టెను సాకెట్లు నా వైపు తిప్పుకుని చూస్తూ రాశాను. వాడు లైట్లు తన వైపు పెట్టుకుని, చేయి వెనక్కి పోనిచ్చి కేబుల్ గుచ్చాడు. ఎడమ కుడి అయింది. ఆ మాట పట్టికలోంచే తీసేశాను. ఇప్పుడు "పవర్ పిన్ను పక్కది ఇంటర్నెట్, అక్కడి నుంచి దూరంగా వెళుతూ 1, 2, 3, 4" అని ఉంది. పెట్టెను ఎటు తిప్పినా ఆ మాట మారదు.

లైట్ల సంగతి కూడా వాడే పట్టుకున్నాడు. ముందు వైపు 1 అని రాసిన లైటు 4వ సాకెట్టుకు వెలుగుతోంది. సాకెట్ల పక్కన ఉన్నవి చిప్పు స్వయంగా వెలిగించేవి, అవి సరిగ్గానే ఉన్నాయి. ముందువి ప్రాసెసర్ వెలిగించేవి, నా ఫైలులో వాటి వరుస తిరగబడింది. అరగంటలో సరిచేశాను.

జూలై 20

ఆదివారం. అరసవల్లికి వెళ్లే బస్సుల రద్దీ తగ్గేవరకు ఆగి, పదకొండింటికి మాస్టారి ఇంటికి బోర్డు పట్టుకెళ్లాం.

లాన్1కు ఆయన కంప్యూటరు, లాన్2కు ప్రింటరు, ఈ రెండూ వీలాన్ 10, అంటే ఒకే స్విచ్ మీద విడదీసిన ఒక గుంపు. లాన్3, లాన్4 నుంచి రెండు మామూలు స్విచ్‌లు, వాటి నుంచి పిల్లల కంప్యూటర్లు, ఇవి వీలాన్ 20. వీలాన్ ట్యాగు నాలుగు బైట్లది, అందులో సంఖ్యకు 12 బిట్లు, 1 నుంచి 4094 దాకా ఏదైనా వాడుకోవచ్చు. మామూలు కంప్యూటర్లకు ట్యాగు తెలియదు. లోపలికి వచ్చేటప్పుడు స్విచ్చే తగిలించాలి, బయటకు పంపేటప్పుడు తీసేయాలి.

ఇక్కడ కాగితంలో ఒక వరుస తప్పనిసరిగా ఉండాలి. పోర్టులను ఒకటిగా కలిపే లైనక్స్ బ్రిడ్జిలో పోర్టు చేర్చగానే అది అడగకుండానే వీలాన్ 1లో చేరిపోతుంది. మనం 10 చేర్చాక ఆ 1ని తీసేయకపోతే అన్ని పోర్టులూ వెనుక దారిన కలిసే ఉంటాయి. పైకి ఏమీ తెలియదు. "ప్రతి పోర్టు నుంచీ 1 తీసేశామా? జాబితా తెప్పించి చూడు" అని రాశాను, చూశాను, తీసేసి ఉన్నాయి.

మాస్టారు కాగితం చదివి, "ఈ పట్టిక నా పిల్లలకు చెప్పవచ్చమ్మా, ఒకదాని నుంచి ఒకదానికి పొత్తు కదా" అన్నారు. నల్లబల్ల మీద మూడు నిలువు గీతలు గీసి సాకెట్టు, పోర్టు, ఫై అని రాసి బాణాలు వేశారు. పోర్టుకు ఫై ఒకటి తక్కువ, సాకెట్టుకు పోర్టు ఆరులోంచి తీసివేత అన్నారు. అవును, 1కి 5, 2కు 4, 3కు 3, 4కు 2. కూడితే ఎప్పుడూ ఆరే. నేను పది రోజులుగా చూస్తూ ఆ ఆరును గమనించలేదు.

జూలై 24

అల్పపీడనం. మూడు రోజులుగా వాన, నాగావళిలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. కరెంటు రోజుకు ఏడెనిమిది సార్లు పోయి వస్తోంది.

సాయంత్రం మాస్టారు ఫోను చేశారు. కరెంటు వచ్చిన ప్రతిసారీ పిల్లల కంప్యూటరులో తన ప్రింటరు పేరు కనబడుతోందట. కాసేపటికి పోతోందట. నాకు ఒళ్లు చల్లబడింది. ప్రింటరు కనబడిందంటే రెండు వైపులూ ఎప్పుడో ఒకప్పుడు కలుస్తున్నాయన్నమాట.

వానలోనే వెళ్లాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజుల తరువాత మాస్టారు కంప్యూటర్లకు, ప్రింటరుకు యూపీఎస్‌లు పెట్టించారు. నా బోర్డు మాత్రం గోడ ప్లగ్గుకే ఉంది. కరెంటు పోతే బోర్డు ఒక్కటే ఆరి, మళ్లీ లేస్తుంది. లేవగానే ప్రింటరు తన పేరు చాటుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను పిల్లల వైపు పెట్టి ప్యాకెట్లు పట్టాను. బోర్డుకు కరెంటు ఇచ్చాక కొన్ని క్షణాల్లో ప్రింటరు మాట వినబడింది. 14 సెకన్ల పాటు వినబడుతూనే ఉంది. తరువాత ఆగింది.

ఆ 14 సెకన్లలో జరిగేది ఇది. కరెంటు రాగానే కెర్నెల్ కంటే ముందు నడిచే బూట్‌లోడర్ లేవగానే స్విచ్‌ను మామూలు స్విచ్‌లా తెరుస్తుంది, అన్ని పోర్టులూ అన్నిటితో మాట్లాడతాయి. కెర్నెల్ లేచి డ్రైవరు వచ్చి గోడలు కట్టేవరకు ఇల్లంతా ఒకటే గది. నా పట్టికలో ప్రతి వరుసా నిజమే, కెర్నెల్ లేచిన తరువాత. లేవకముందు సంగతి దానిలో లేనే లేదు. పట్టికకు కాలం అనే నిలువు గీత కావాలని నాకు ఇవాళ తెలిసింది.

జూలై 27

బూట్‌లోడర్‌లో మొట్టమొదటి ఆదేశాలుగా అయిదు ఫై భాగాలనూ నిద్రపుచ్చాను. ఒక్కో ఫై చిరునామాకు, రిజిస్టర్ 0లో, హెక్స్ 800. అంటే 11వ బిట్, కరెంటు ఆపే బిట్. రెండు చివర్లూ వేగం మాట్లాడుకుని లింకు కుదరడానికి కొంత సమయం పడుతుంది, ఈ ఆదేశం అంతకుముందే వెళ్లిపోతుంది. తరువాత కెర్నెల్ ఒక్కో పోర్టును లేపేటప్పుడు ఆ బిట్‌ను తానే తీసేస్తుంది.

ఇరవైసార్లు కరెంటు తీసి పెట్టాను. ఇరవైసార్లూ పిల్లల వైపు ప్రింటరు మాట వినబడలేదు.

దీనికి ఒక ఖరీదు ఉంది, అది కూడా అదే పేజీలో రాయాలి. కెర్నెల్ చెడిపోతే సాకెట్లన్నీ చీకటిగా ఉంటాయి. నెట్‌వర్క్ మీదుగా కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే దారి మూసుకుపోతుంది. సీరియల్ తీగ ఒక్కటే దిక్కు. అందుకని నాలుగు సీరియల్ పిన్నుల బొమ్మ పెద్దగా గీసి, వేగం 115200 అని, 3.3 వోల్టులని, పవర్ పిన్నుకు ఏమీ కలపకూడదని రాశాను. ఆ అయిదు ఆదేశాలను తాత్కాలికంగా ఎలా దాటవేయాలో కూడా రాశాను. చీకట్లో బోర్డు ముందు కూర్చునే మనిషికి ముందుగా కావలసింది ఆ పేజీ. అందుకే దాన్ని కాగితం వెనుక పెట్టకుండా పైకి తెచ్చాను.

ఆగస్టు 2

మూడు, నాలుగు, అయిదు బోర్డులు కాగితం ప్రకారం మేనల్లుడు ఒక్కడే చేశాడు. నేను చూడను కూడా చూడలేదు. ఒక్కోటి గంటన్నర పట్టింది. కాగితాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి పెట్టె మూత లోపల అంటించాడు.

ఆగస్టు 5

పెన్సిల్ వరుస ఒక్కటే మిగిలింది: "పోర్టు 6, ప్రాసెసర్ రెండో దారి కావచ్చు". అది తేలకుండా కాగితం పూర్తి కాదు.

మల్టీమీటర్ పెట్టి మొదటి బోర్డు మీద చిప్పు ఆ వైపు కాళ్ల నుంచి గీతలు పట్టుకుని వెళ్లాను. రెండు జతల సన్నటి గీతలు ప్రాసెసర్ వైపు వెళుతున్నాయి, ఇది ఎస్‌జీఎంఐఐ దారి. దారి మధ్యలో నాలుగు కెపాసిటర్లు ఉండాలి. టంకపు మచ్చలు మాత్రమే ఉన్నాయి, కెపాసిటర్లు వేయలేదు. రెండు, మూడు, నాలుగు, అయిదు బోర్డుల్లోనూ అంతే. దారి గీశారు కానీ తెరవలేదు. "పోర్టు 6 వాడుకలో లేదు, కెపాసిటర్లు లేవు, మీటర్‌తో చూశాను" అని సిరాతో రాయడానికి కలం తీశాను.

రాసేముందు ఆరోది కూడా చూద్దామనిపించింది. భూతద్దం కింద నాలుగు చిన్న గోధుమరంగు గింజలు వరుసగా కూర్చుని ఉన్నాయి. మీటర్ పెడితే దారి తెరిచే ఉంది. బోర్డు మూల చూస్తే మిగతా అయిదింటి మీద లేని చిన్న అక్షరం ఒకటి అచ్చు వేసి ఉంది. బయటికి ఒకేలా ఉన్న ఆరు పెట్టెల్లో ఒకటి వేరు.

అప్పుడు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. 07600000 చదివినది ఈ ఆరో బోర్డు మీదే. మిగతా అయిదింటి మీద ఆ విలువ పదివేల పలకరింపులతో నిలబడింది కనుక సిరా వరుస అలాగే ఉంటుంది. కానీ పక్కన 'ఎలా తెలిసింది' గడిలో ఆ విలువ వేరే అచ్చు బోర్డు నుంచి తీసుకున్నదని చేర్చాను. పాత అయిదు కాగితాల తలమీద "బోర్డు మూల అక్షరం లేనివాటికి మాత్రమే" అని రాశాను.

ఆరో బోర్డుకు కొత్త పేజీ తీశాను. మూల అక్షరం మొదటి వరుస, చిప్పు గుర్తు 13 రెండో వరుస. మిగతావన్నీ ఇప్పటికి పెన్సిల్. మేనల్లుడు రేపు కాలేజీ అయ్యాక ఎర్ర టేపు కేబుల్‌తో వస్తానన్నాడు.